కౌబాయ్ గేమ్‌లలో ఆడవాళ్ళు: ఏ ఆట చరిత్రకు దగ్గర, మీరు ఏది ఎంచుకోవాలి?

మొన్న ఎండాకాలం సెలవులకి మా అక్క కూతురు మా ఇంటికి వచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం. నేను ఒక పాత వెస్టర్న్ గేమ్ ఆడుకుంటుంటే పక్కన కూర్చుని అరగంట సేపు చూసింది. చూసి చూసి, "పిన్నీ, ఈ ఊళ్ళో ఆడవాళ్ళంతా ఆ మందు కొట్లోనే ఎందుకుంటారు? వాళ్ళకి వేరే పనేమీ లేదా?" అంది. "అప్పట్లో అంతేలేమ్మా" అనేశాను. అన్నాక ఆ మాట నాకే మింగుడు పడలేదు. అప్పట్లో అంతే కాదు. ఆ సంగతి నాకు తెలుసు కూడా.

"చరిత్ర అంతే కదా" అన్న మాట ఈ గేమ్‌ల గురించి ఎక్కడ చర్చ వచ్చినా వినిపిస్తుంది. ఆడపాత్ర తుపాకీ పడితే "ఇది చరిత్ర కాదు" అంటారు. అదే ఆడపాత్ర దెబ్బలు తింటే "చరిత్రే అలా ఉంది, ఏం చేస్తాం" అంటారు. ఈ రెండు మాటలూ అనే ముందు ఆ కాలంలో నిజంగా ఏం జరిగిందో చూసినవాళ్ళు తక్కువ. నేను పదేళ్ళుగా ఈ తరహా గేమ్‌లు ఆడుతున్నాను, ఆ కాలం గురించి దొరికినంత చదువుతున్నాను. ఏ గేమ్ కొనాలి, ఏది మీ ఇంట్లో పిల్లలకి ఇవ్వొచ్చు, ఏది సేల్‌లో వచ్చినా వదిలేయొచ్చు అని నన్ను అడిగేవాళ్ళు ఉన్నారు కాబట్టి ఒకసారి వివరంగా రాస్తున్నాను. గ్రాఫిక్స్, తుపాకుల లెక్క కాదు నాది. ఆ ఊళ్ళో ఆడది ఏం చేసుకుని బతుకుతోంది, భూమి ఎవరి పేరున ఉంది, ఆమెకంటూ సొంత పని ఒకటి కథలో ఉందా? నేను చూసేది వీటినే.

పోల్చే ముందు, అసలు ఏం జరిగింది

1862లో అమెరికా ప్రభుత్వం హోమ్‌స్టెడ్ చట్టం తెచ్చింది. పడమటి భూముల్లో ఐదేళ్ళు ఉండి సాగు చేస్తే 160 ఎకరాలకు పట్టా ఇస్తారు. 21 ఏళ్ళు నిండిన పెళ్ళికాని స్త్రీ, భర్త పోయిన స్త్రీ, విడాకులు తీసుకున్న స్త్రీ కూడా తన పేరునే దరఖాస్తు పెట్టుకోవచ్చు. భర్త ఉన్నావిడకి మాత్రం మామూలుగా ఆ వీలు లేదు. అంటే పెళ్ళి చేసుకుంటే పోయే హక్కు ఒకటి అక్కడ ఉండేది. ఈ ఒక్క ముక్క చాలు, ఎన్ని కథలు రాసుకోవచ్చో. నాకు తెలిసిన గేమ్‌లలో ఒక్కటి కూడా దీన్ని కథకు ఇరుసుగా చేసుకోలేదు.

1869 డిసెంబర్లో వయోమింగ్ ప్రాంతం ఆడవాళ్ళకి వోటు హక్కు ఇచ్చింది. మరుసటి ఏడాది సెప్టెంబర్ 6న లారమీ ఊళ్ళో లూయిసా స్వేన్ అనే పెద్దావిడ వెళ్ళి వోటేసి వచ్చింది. దేశం మొత్తానికి ఆ హక్కు రావడానికి 1920 దాకా పట్టింది. 1895లో మోంటానాలోని కాస్కేడ్ దగ్గర టపా బండి తోలే కాంట్రాక్టు మేరీ ఫీల్డ్స్‌కి వచ్చింది. బానిసగా పుట్టిన నల్లజాతి స్త్రీ. అప్పటికే ఆమె వయసు అరవై దాటింది. అలాంటి టపా కాంట్రాక్టు పొందిన మొదటి నల్లజాతి మహిళ ఆమే. ఎనిమిదేళ్ళు ఆ పని చేసింది.

ఆయుధం పట్టిన ఆడదాని సంగతి అంటారా? 1899 మే నెలాఖరులో అరిజోనాలో పెర్ల్ హార్ట్ అనే ఆవిడ జుట్టు కత్తిరించుకుని, మగవాళ్ళ బట్టలు వేసుకుని, జో బూట్ అనే అతనితో కలిసి గ్లోబ్, ఫ్లోరెన్స్ ఊళ్ళ మధ్య తిరిగే స్టేజ్ బండిని దోచింది. దోచాక దారి ఖర్చుకని ఒక్కో ప్రయాణికుడికి ఒక డాలర్ తిరిగి ఇచ్చింది. కొద్ది రోజుల్లోనే పట్టుబడి యూమా జైలుకు వెళ్ళి, 1902లో విడుదలయింది. సినిమా సీన్‌లా ఉంది కదా, కానీ జరిగింది. 1876 జూన్ 17న రోజ్‌బడ్ దగ్గర అమెరికా సైన్యంతో జరిగిన పోరులో గుర్రం కూలి చిక్కుకుపోయిన తన సోదరుణ్ణి బఫెలో కాఫ్ రోడ్ వుమన్ అనే షయెన్ ఆదివాసీ తెగ స్త్రీ గుర్రం మీద దూసుకెళ్ళి ఎక్కించుకుని వచ్చింది. మనం రోజ్‌బడ్ యుద్ధం అంటాం. షయెన్లు దాన్ని ఆడపిల్ల తన సోదరుణ్ణి కాపాడిన పోరు అంటారు.

అలాగని ప్రతి ఆడపాత్రా రివాల్వర్ తిప్పుతూ తిరగాలని నేను అనను. ఎక్కువమంది వంట, బట్టలుతుకుడు, హోటళ్ళు, బడి పాఠాలు, పశువులు, పొలం, కాన్పుల మధ్య బతికారు. వ్యభిచార గృహాల్లో చిక్కుకున్నవాళ్ళూ ఉన్నారు. కొందరు అసలు రానే లేకపోయారు. 1875లో వచ్చిన పేజ్ చట్టం వ్యభిచారం అనుమానం పేరు చెప్పి చైనా స్త్రీలను ఓడరేవుల దగ్గరే ఆపేసింది. చైనా కూలీల పక్కన భార్యలు కనిపించలేదంటే దాని వెనుక ఒక చట్టం ఉంది. ఇన్ని రకాల బతుకులు ఉండగా గేమ్ ఒక్క మందు కొట్టునే చూపిస్తే, నాకు అది చరిత్రకు దగ్గరగా అనిపించదు, బద్ధకంగా అనిపిస్తుంది.

రెడ్ డెడ్ రిడెంప్షన్ 2: ఒక్కటే కొనాలంటే ఇదే

2018 అక్టోబర్ 26న పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ మీద వచ్చింది, మరుసటి ఏడాది నవంబర్లో పీసీకి. కథ జరిగేది 1899లో, అంటే పెర్ల్ హార్ట్ బండి ఆపిన ఏడాదే. రాష్ట్రాలన్నీ కల్పితం. న్యూ హానోవర్, లెమోయిన్, వెస్ట్ ఎలిజబెత్ అని ఉంటాయి గానీ లెమోయిన్ చూడగానే లూసియానా అని తెలిసిపోతుంది. మీరు ఆర్థర్ మోర్గన్ అనే దొంగగా ఆడతారు. కథ నడిపేది మగవాడే, అది మారదు. ఆన్‌లైన్ భాగంలో మాత్రం ఆడపాత్ర తయారు చేసుకోవచ్చు.

అయినా దీన్నే ముందు పెట్టడానికి ముఖ్య కారణం సేడీ ఆడ్లర్. మంచు కొండల్లో ఆమె భర్తను వేరే ముఠా చంపేస్తే, ఆర్థర్ బృందం ఆమెను తమతో తెచ్చుకుంటుంది. చాలా రోజులు ఆమె గుడారాల చివర ఒంటరిగా కూర్చుని ఏడుస్తుంది. దగ్గరికెళ్తే ఒకటి రెండు మాటలే. తొందరపడి ముందుకెళ్ళిపోయేవాళ్ళు అది చూడరు, మీరు మాత్రం అప్పుడప్పుడూ ఆమె వైపు వెళ్ళండి. ఆ మౌనం చూడకపోతే తర్వాత జరిగేదానికి బరువు ఉండదు.

మూడో అధ్యాయంలో ఒక పొద్దున్న వంట బండి దగ్గర గొడవ. ఆమె చేతిలో కూరగాయలు తరిగే కత్తి, ఎదురుగా వంటవాడు పియర్సన్. రోజంతా కూరలు తరగడం తన వల్ల కాదంటుంది. తనూ భర్తా పొలంలో పని సమానంగా పంచుకునేవాళ్ళమనీ, వేట తెలుసనీ, తుపాకీ పట్టగలననీ ఆర్థర్‌కి చెబుతుంది. నాకు ఆ మాట దగ్గర ఆట ఆపి కాసేపు కూర్చోవాలనిపించింది. రాసినవాళ్ళు ఆమెను ఉన్నట్టుండి వీరనారిని చేయలేదు. కొత్త భూమి మీద మొగుడూ పెళ్ళాం ఇద్దరే ఉంటే ఆమె వేట నేర్చుకోక ఏం చేస్తుంది? పడమటి పల్లెల్లో ఆ పని పంపకం నిజం. తర్వాత ఊళ్ళోకెళ్ళి సరుకులతో పాటు ప్యాంటు, పసుపు చొక్కా కొనుక్కుని బయటికి వస్తుంది. దారిలో దోపిడీగాళ్ళు ఎదురైతే ఆమె తుపాకీ ఎంత కోపంగా పేలుస్తుందంటే, ఆ కోపం అంతా ఎక్కడ దాచుకుందా అనిపిస్తుంది.

ఇంకా ఉన్నారు. కొండల్లో కొత్తగా కాపురం పెట్టి, భర్త ఎలుగుబంటి చేతిలో పోయాక సమాధి దగ్గర ఆకలితో కూర్చున్న షార్లట్ బాల్ఫోర్ ఉంది. ఆమెను కాపాడి ఊరికి పంపేయడం కాదు అక్కడ మన పని. చర్మం వలవడం చూపించాలి, సీసాలు వరసగా పెట్టి గురి నేర్పాలి. ఆ తర్వాత ఆమె అక్కడే ఉండిపోతుంది. మ్యాప్‌లో ఈశాన్యం మూలకి వెళ్తేనే ఆమె కనిపిస్తుంది, కాబట్టి వెతుక్కుంటూ వెళ్ళండి. గుడారంలో ఎప్పుడూ నవలలు చదువుతూ కనిపించే మేరీ-బెత్ చివరికి తనే నవలలు రాస్తుంది, కాకపోతే కలం పేరుతో. లెమోయిన్‌లో వోటు హక్కు కోసం ఊరేగింపు తీసే ఆడవాళ్ళ బండి తోలే పని ఒకటి ఆర్థర్‌కి పడుతుంది. వయోమింగ్‌లో ఆ హక్కు వచ్చి 30 ఏళ్ళు అయినా దక్షిణాదిలో ఇంకా ఊరేగింపులే. ఆ తేడా గేమ్ సరిగ్గా పట్టుకుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఆదివాసీల కథ చాలా దూరం నడుస్తుంది, కానీ తండ్రి, కొడుకు, స్నేహితుడు అందరూ మగవాళ్ళే. ఆ శిబిరంలో పేరుపెట్టి గుర్తుంచుకోదగిన ఒక్క స్త్రీ లేదు. బఫెలో కాఫ్ రోడ్ వుమన్ పుట్టిన నేల గురించి కథ చెబుతూ ఇలా చేయడం నాకు బాధ కలిగించింది. పింకర్టన్ డిటెక్టివ్‌లను విలన్లుగా పెట్టారు, అందరూ మగవాళ్ళే. నిజం పింకర్టన్ సంస్థ 1856లోనే కేట్ వార్న్ అనే ఆవిడను డిటెక్టివ్‌గా తీసుకుంది.

ఇంకో విషయం తల్లిదండ్రులు తెలుసుకోవాలి. గేమ్ వచ్చిన కొద్ది రోజులకే, సెయింట్ డెనిస్ వీధిలో వోటు హక్కు కోసం గొంతెత్తే ఒక స్త్రీని కొట్టి, మొసళ్ళకు వేసే వీడియోలు యూట్యూబ్‌లో లక్షల మంది చూశారు. ఒక చానెల్‌ను యూట్యూబ్ ఆపేసి, మళ్ళీ తెరిచింది. దారిన పోయే ఎవరినైనా కొట్టే వీలు గేమ్‌లో ఉంది, అందుకు శిక్షగా పోలీసులూ వెంటపడతారు. కానీ ఆ వీడియోలకు కింద వచ్చిన చప్పట్లు గేమ్ రాయలేదు, మనుషులు రాశారు. ఇది పెద్దవాళ్ళ గేమ్, యూరప్‌లో 18 ఏళ్ళ రేటింగ్. పిల్లలకి వద్దు.

పీసీలో 150 జీబీ ఖాళీ కావాలి. నిదానంగా ఆడితే ప్రధాన కథకే యాభై గంటలు పడుతుంది. బెంగళూరులోని రాక్‌స్టార్ స్టూడియో కూడా దీని మీద పనిచేసింది. మన చుట్టుపక్కల పిల్లలు ఇలాంటి కథకు చెయ్యి వేశారంటే నాకు సంతోషంగా ఉంటుంది.

మొదటి రెడ్ డెడ్ రిడెంప్షన్: రెండోది ఆడాకే

2010లో వచ్చింది, కథ 1911లో. ఇప్పుడు పీఎస్4, స్విచ్, పీసీల మీద కూడా దొరుకుతుంది. ఇందులో బానీ మెక్‌ఫార్లేన్ నాకు ప్రాణం. తుపాకీ గుండు తిని దారి పక్కన పడి ఉన్న జాన్ మార్స్టన్‌ను తన ర్యాంచ్‌కి మోసుకొచ్చి, డాక్టర్‌కి పదిహేను డాలర్లు కట్టి బతికిస్తుంది. ఆ ర్యాంచ్ పనంతా ఆమెకే తెలుసు. పశువుల మందను తోలడం మనకి నేర్పేది ఆమే. మొదటి కొన్ని గంటలు ఆమె వెనకే గుర్రం మీద తిరుగుతుంటే, ఈ గేమ్ ఎంత బాగుందీ అనిపిస్తుంది.

తర్వాత అదే బానీని ఎత్తుకుపోయి ఉరికొయ్యకు ఎక్కిస్తారు, మనం వెళ్ళి విడిపించాలి. అంతకుముందు చూసిన మనిషికీ ఈ సీన్‌కీ పొంతన కుదరదు. మెక్సికోలో లూయిసా అనే అమ్మాయి తిరుగుబాటు కోసం ప్రాణం పెడుతుంది, ఆ నాయకుడికేమో ఆమె పేరే గుర్తుండదు, లారా అంటాడు. ఇది మాత్రం రాసినవాళ్ళు తెలిసే రాశారు, విప్లవాల్లో ఆడవాళ్ళ పేర్లు ఎలా పోతాయో చూపించారు. అదే గేమ్‌లో ఇంకో పక్క, ఒక స్త్రీని కట్టేసి రైలు పట్టాల మీద పడుకోబెట్టి రైలు వెళ్ళేదాకా చూస్తే దానికొక అచీవ్‌మెంట్ పెట్టారు. పాత మూకీ సినిమాల్లో విలన్ చేసే పని అది. అలాంటి పని అక్కడ చరిత్రలో జరిగిందని కాదు, సినిమాల్లో జరిగింది. చరిత్రకీ, చరిత్ర మీద తీసిన సినిమాలకీ మధ్య ఉన్న తేడా ఎక్కడ చెరిగిపోతుందో చూడాలంటే ఈ ఒక్క ఉదాహరణ సరిపోతుంది. అందుకే ఇది రెండోదాని తర్వాత ఆడమంటాను. జాన్ భార్య అబిగైల్ పడిన కష్టం ముందు తెలిసి ఉంటే ఇక్కడ ఆమె ప్రతి మాటా వేరేగా వినిపిస్తుంది.

డెస్పరాడోస్ 3: ఆడపాత్రగా ఆడాలనుకునేవాళ్ళకి

మ్యూనిక్‌కి చెందిన మిమిమి గేమ్స్ 2020లో తెచ్చింది. ఆ స్టూడియో 2023లో మూతపడింది, అది ఇంకా నా మనసులో ఉంది. పై నుంచి చూస్తూ, ఎవరి కంటా పడకుండా ఒక్కొక్కరినీ తప్పించుకుంటూ వెళ్ళే ఆట. ఐదుగురు పాత్రల్లో ఇద్దరు ఆడవాళ్ళు, కేట్ ఒహారా, ఇసబెల్ మోరో. ఇక్కడ వాళ్ళను మనం చూడటం కాదు, వాళ్ళతోనే ఆలోచించాలి. ఏ కిటికీ పక్కన ఎన్ని సెకన్లు ఆగాలి, ఎవరు వెనక్కి తిరిగినప్పుడు దాటాలి అని ఇసబెల్ చేతులతో లెక్కపెడుతుంటే ఆ పాత్ర మనదైపోతుంది.

కేట్ శక్తులు మారువేషం, కబుర్లతో కాపలావాళ్ళను పక్కకి తిప్పడం, ముఖం మీద చల్లే సెంటు, ఒక చిన్న పిస్తోలు. ఆడదంటే వలపు అన్న పాత లెక్కే ఇది, నేను ఒప్పుకోను. ఇసబెల్ న్యూ ఓర్లీన్స్ నుంచి వచ్చిన నల్లజాతి స్త్రీ, ఆమెకు వూడూ మంత్రాలు ఇచ్చారు. ఇద్దరు శత్రువులను ముడివేసి ఒకరికి జరిగింది రెండోవాడికీ జరిగేలా చేస్తుంది. ఆట పరంగా అద్భుతం. కానీ నల్లజాతి స్త్రీ అనగానే మంత్రం గుర్తొస్తే, మేరీ ఫీల్డ్స్ ఎక్కడికి పోయింది? చరిత్ర కోసం ఇది కొనకండి. బుర్రకి పని పెట్టే ఆట కావాలి, అందులో ఆడపాత్ర వెనక బెంచీలో కూర్చోకూడదు అనుకుంటే మాత్రం దీన్ని మించింది నేను ఆడలేదు. రోజుకి గంట సమయం దొరికేవాళ్ళకి బాగా సరిపోతుంది.

కాల్ ఆఫ్ వారెజ్: గన్‌స్లింగర్

2013లో వచ్చిన చిన్న గేమ్, సేల్‌లో చవగ్గా దొరుకుతుంది. కన్సాస్‌లో 1910లో నేరస్తుల్ని బహుమతి కోసం వేటాడే ఒక ముసలి వేటగాడు మందు కొట్లో కూర్చుని, అప్పటి పేరుమోసిన బందిపోట్లు బిల్లీ ద కిడ్‌నీ జెస్సీ జేమ్స్‌నీ ఎదుర్కొన్నానని కథలు చెబుతాడు. అతను మాట మార్చినప్పుడల్లా మన కళ్ళ ముందు దారి మారిపోతుంది. దారిలో దొరికే "నిజం ముక్కలు" అసలు చరిత్ర ఏమిటో రాసి చూపిస్తాయి. చరిత్రను ఎలా కథలుగా మార్చేస్తారో ఇంత సరదాగా చెప్పిన గేమ్ ఇంకోటి లేదు. ఆడవాళ్ళు మాత్రం ఇంచుమించు లేరు. ఆ కాలంలో నిజంగా బతికిన బెల్ స్టార్ అనే ఆవిడ చనిపోగానే చవక నవలల వాళ్ళు ఆమెను బందిపోటు రాణిని చేసేశారు. ఇదే గేమ్‌లో ఆమెకు ఒక అధ్యాయం ఎంత బాగా కుదిరేదో. చేతిలో దొరికిన అవకాశం జారవిడిచారు.

ఒరెగాన్ ట్రైల్: ఇంట్లో చిన్నపిల్లలుంటే

కౌబాయ్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది 1971లో వచ్చిన కృష్ణ గారి 'మోసగాళ్ళకు మోసగాడు'. సరిగ్గా అదే ఏడాది మినియాపొలిస్‌లో ముగ్గురు కుర్రాళ్ళు, టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నవాళ్ళు, తమ క్లాసు పిల్లలకి చరిత్ర చెప్పడానికి ఒరెగాన్ ట్రైల్ అనే ఆట రాశారు. తెర కూడా లేదు, టైపు మిషన్ లాంటి దాని మీద కాగితంపై అచ్చవుతూ వచ్చేది. తర్వాత వాళ్ళలో ఒకాయన ఆ దారిలో నడిచినవాళ్ళ డైరీలు చదివి, ఎక్కడ జబ్బు చేస్తుంది, ఎక్కడ వాన పడుతుంది అన్న లెక్కలు సరిదిద్దాడు.

ఆ డైరీలలో ఎన్నో ఆడవాళ్ళు రాసినవి. సుమారు 3,200 కిలోమీటర్ల దారి, ఐదారు నెలల నడక. బండిలో సామాను నిండి ఉంటుంది కాబట్టి చాలామంది పక్కన నడిచే వెళ్ళారు. చెట్లు లేని మైదానాల్లో వంటచెరకు దొరకదు. ఆడవాళ్ళూ పిల్లలూ దారి పొడవునా అడవిదున్నల ఎండు పేడ ఏరి, ఒళ్ళో పోసుకుని, సాయంత్రం దాంతోనే పొయ్యి రాజేసేవాళ్ళు. మా నాయనమ్మ గోడకి పిడకలు కొట్టడం చూసిన దాన్ని నేను. ఇది చదివినప్పుడు ఆ పొగ వాసన కూడా నాకు తెలిసినట్టే అనిపించింది. పాత ఆటల్లో మాత్రం తుపాకీతో వేటాడటం ఒక పెద్ద ఘట్టం, ఆ పొయ్యి ఎవరు వెలిగించారన్నది లెక్కలోనే లేదు.

గేమ్‌లాఫ్ట్ 2021లో తెచ్చిన కొత్త ఒరెగాన్ ట్రైల్ ముందు యాపిల్ ఆర్కేడ్‌లో వచ్చింది, 2022లో పీసీ, స్విచ్ మీదకు. దీనికి ఆదివాసీ చరిత్రకారులు సలహాదారులుగా ఉన్నారు. ఆదివాసీ పాత్రలు దారిలో ఎదురుపడే ప్రమాదాలు కారు, వాళ్ళకు సొంత కథలున్నాయి. మీ బృందంలో ఆడవాళ్ళూ ఉంటారు, వాళ్ళ ఓపిక, జబ్బు, మనసు అన్నీ లెక్కే. ఐదో తరగతి నుంచి ఎవరికైనా ఇవ్వొచ్చు. విరేచనాలతో మనిషి చనిపోతే పిల్లలు కాస్త బెంగపడతారు, పక్కన కూర్చుని మాట్లాడండి.

వెన్ రివర్స్ వర్ ట్రైల్స్: డబ్బు లేకపోయినా, పాత లాప్‌టాప్ అయినా

దీని పేరు చాలామంది వినలేదు. 2019లో వచ్చింది, ఉచితం, కంప్యూటర్‌లో ఆడొచ్చు. ఎలిజబెత్ లాపెన్సీ అనే డిజైనర్ దీన్ని నడిపించారు. ఆదివాసీ భూముల కోసం పనిచేసే ఒక సంస్థ, మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ కలిసి చేయించాయి. రాసినవాళ్ళలో ఎంతోమంది ఆదివాసీ రచయితలే. 1890లలో మినెసోటా నుంచి వెళ్ళగొట్టబడిన ఒక అనిషినాబే తెగ మనిషి పడమటికి నడుచుకుంటూ కాలిఫోర్నియా దాకా వెళ్ళే కథ. ఉమ్మడి నేలను ముక్కలు చేసి పంచిన 1887 నాటి డాస్ చట్టం వాళ్ళ బతుకుల్ని ఏం చేసిందో ఇందులో తెలుస్తుంది.

పైన హోమ్‌స్టెడ్ చట్టం గురించి గొప్పగా చెప్పాను కదా. ఒంటరి స్త్రీ తన పేరున 160 ఎకరాలు రాయించుకున్న ఆ నేల అంతకుముందు ఎవరిది అన్న ప్రశ్న నన్ను ఈ గేమ్ అడిగింది. ఒరెగాన్ ట్రైల్‌ను అటు తిప్పి చూపించినట్టుంటుంది. తుపాకుల మోత లేదు, చదవాల్సింది చాలా ఉంటుంది. ఇంగ్లీషు చదవడానికి ఓపిక లేకపోతే ఇది నచ్చదు. ఓపిక ఉంటే, ఈ వ్యాసంలో చెప్పినవాటిలో చరిత్రకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఇదే అని నా నమ్మకం.

మిగిలినవి, వదిలేయాల్సినవి

వీర్డ్ వెస్ట్ 2022లో వచ్చింది. మొదటి పాత్రే జేన్ బెల్ అనే, ఒకప్పుడు నేరస్తుల్ని వేటాడిన మాజీ వేటగత్తె, భర్తను వెతుక్కుంటూ పాతిపెట్టిన తుపాకీ మళ్ళీ తవ్వి తీస్తుంది. మంత్రగత్తెలూ తోడేలు మనుషులూ ఉన్న లోకం కాబట్టి చరిత్ర పోలిక పెట్టకూడదు గానీ ఆట బాగుంటుంది. 1895 లూసియానా చిత్తడి నేలల కథతో మొదలైన హంట్: షోడౌన్‌లో కూడా ఆడ వేటగాళ్ళుంటారు, అదీ దెయ్యాల కథే.

1982లో అటారీ మీద కస్టర్స్ రివెంజ్ అని ఒకటి వచ్చింది. కట్టేసిన ఆదివాసీ స్త్రీ మీద అత్యాచారం చేయడమే అందులో ఆట. అప్పుడే మహిళా సంఘాలూ ఆదివాసీలూ వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపారు. పాత గేమ్‌ల సరదాతో ఎవరైనా దాని ఫైలు పంపితే తెరవకండి.

నన్ను ఇంకా వరస అడిగితే ఇలా చెబుతాను. పెద్దవాళ్ళు, మంచి పీసీ గానీ కన్సోల్ గానీ ఉన్నవాళ్ళు రెడ్ డెడ్ 2తో మొదలుపెట్టి, సేడీ పసుపు చొక్కా వేసుకునేదాకా అయినా ఆగకుండా ఆడండి. అక్కడికీ నచ్చకపోతే ఆ తరహా మీది కాదు. సమయం తక్కువైతే డెస్పరాడోస్ 3. పిల్లలుంటే కొత్త ఒరెగాన్ ట్రైల్. చేతిలో డబ్బు లేకపోతే, లేదా ఇవన్నీ ఆడేసి ఇంకా ఏదో మిగిలిందనిపిస్తే వెన్ రివర్స్ వర్ ట్రైల్స్.

మా అక్క కూతురికి నేను ఆ ఉచితంగా దొరికేదే వాళ్ళ నాన్న పాత లాప్‌టాప్‌లో ఎక్కించి ఇచ్చాను. "అప్పట్లో అంతేలే" అన్నందుకు సారీ కూడా చెప్పి, మేరీ ఫీల్డ్స్ ఫొటో ఒకటి ఫోన్‌లో పంపాను. నిన్న రాత్రి ఫోన్ చేసింది. నదులు దాటుతూ, దారిలో కలిసినవాళ్ళ కథలు వింటూ నిదానంగా ఆడుతోందట. ఇంకా కాలిఫోర్నియా చేరలేదు.